ఆ పాప కొలతలు

స్కూలు సెలవులకి ముందు శనివారం మెల్‌బోర్న్‌లో మా టార్నీట్ స్టేషన్ దగ్గరి షాపింగ్ సెంటర్‌లో పిల్లల గౌన్ల మధ్య నిలబడి ఉన్నాను. వచ్చే నెల ఇండియా వెళ్తున్నాను, ఒక్కదాన్నే. మా పిన్ని మనవరాలికి ఒక గౌను కొనాలి. దాని సైజు నాకు తెలియదు. ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అడిగితే, "ఎందుకమ్మా ఇయ్యన్నీ" అంటూనే ఇంకో నలుగురు పిల్లల సైజులు చెప్తారు. అందుకని పరాయి దేశాల్లో ఉండే మేమందరం చేసే పనే చేశాను. మా అమ్మాయిని పిలిచి, వెనక్కి తిప్పి నిలబెట్టి, గౌను దాని వీపుకి పట్టించి చూశాను.

"అమ్మా, స్టాప్ మెజరింగ్ మీ. ఐ యామ్ నాట్ హర్," అంది మా అమ్మాయి.

దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే ఇస్తుంది. పదేళ్ళ పిల్ల విసుక్కుంటే పట్టించుకునే రకాన్ని కాను నేను. కానీ ఆ రోజు గౌను తీసిన చోటే తగిలించేసి, ఏమీ కొనకుండా ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా కొత్త బట్ట వాసన చేతులకి ఉన్నట్టే ఉంది. ఆ వాసనతో పాటే ఒక వేసవి కూడా వచ్చి కూర్చుంది.

నాకు మూడో ఏడు నడుస్తుండగా నాన్న పోయాడు. ఆ మరుసటి ఏడాది అమ్మ కువైట్ వెళ్ళింది. అక్కడ ఒక పెద్ద ఇంట్లో వంట చేయడం, వాళ్ళ పాపని చూసుకోవడం ఆవిడ పని. కోనసీమలో మా వీధిలో అలా వెళ్ళినవాళ్ళు ఇంటికొకరు ఉండేవారు. అందుకని అదో వింత అని నాకెప్పుడూ అనిపించలేదు. అమ్మలు కువైట్‌లో ఉంటారు, అమ్మమ్మలు ఇంట్లో ఉంటారు, లోకం తీరే అంత అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో పాపది సరిగ్గా నా ఈడు. ఆ పాపకి పేరుంది, నాకు బాగా గుర్తుంది కూడా, ఇక్కడ మాత్రం రాయను. అమ్మ నాకు బట్టలు కొనాలనుకున్నప్పుడల్లా ఆ పాపకి పట్టించి చూసి కొనేది. ఆ పాపేమో వెన్నా ఖర్జూరాలూ తిని బొద్దుగా ఉండేది. నేను కొబ్బరీనెకి బట్ట చుట్టినట్టు ఉండేదాన్ని. ఊరికి వచ్చేవాళ్ళతో అమ్మ పంపిన గౌను వేసుకుంటే భుజాల మీంచి జారి మోచేతుల దగ్గర ఆగేది. అమ్మమ్మ నన్ను అలాగే తీసుకెళ్ళి గోడ మీద అమ్మ ఫొటో ముందు నిలబెట్టేది.

"సూసుకోవే తల్లీ. నీ కూతురు ఇంత. నువ్వు పంపింది అంత," అని ఫొటోతోనే చెప్పేది.

నాకు ఎనిమిదేళ్ళ వేసవిలో అమ్మ సెలవు మీద వచ్చింది. రెండు నెలల సెలవు. వస్తుందని తెలిసిన రోజు నుంచి వీధిలో నా పరపతి పెరిగిపోయింది. ఎన్నడూ పలకరించని వాళ్ళు కూడా పిలిచి మామిడి ముక్క చేతిలో పెట్టి, "మీ అమ్మ ఏం తెత్తాదంట?" అని అడిగేవారు. ఎదురింటి మామ్మగారు ఒక అడుగు ముందుకేసి నాకు పాఠం చెప్పింది. "అడగందే అమ్మయినా పెట్టదే. వచ్చీరాగానే నీక్కావలసింది అడిగెయ్."

అమ్మ వ్యాన్ దిగిన రోజు మంగళవారం. నీలం నైలాను తాడుతో కట్టిన పెద్ద అట్టపెట్టెని నట్టింట్లో దించారు. మంగళవారం పెట్టె విప్పకూడదని అమ్మమ్మ పట్టుబట్టింది. వచ్చిన జనం కాసేపు ఆ పెట్టెని చూసి, అమ్మని చూసి, ఉసూరుమంటూ వెళ్ళిపోయారు. నేను మాత్రం పెట్టె దగ్గరే కూర్చున్నాను. అట్ట చిరిగిన మూల ముక్కు పెట్టి వాసన చూశాను. సబ్బు వాసన, పాలపొడి వాసన, ఘాటైన సెంటు, వాటన్నిటి కింద పుల్లగా పొగచూరినట్టు ఇంకేదో. అమ్మ దగ్గర కూడా అదే వాసన వచ్చింది. ఇద్దరిలో పెట్టె దగ్గరే నాకు బెదురు లేదు.

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని భుజాలు తడిమింది. నడుం తడిమింది. మణికట్టు చుట్టూ వేళ్ళు వేసి చూసింది.

"ఇంత సన్నంగా ఉన్నాదేంటమ్మా ఇది?" అంది.

"తల్లి సాలని పిల్ల. ఇంకెలా ఉంటాది?" అంది అమ్మమ్మ.

మర్నాడు పెట్టె విప్పారు. పులిబొమ్మ దుప్పటి, సబ్బులు, తలనొప్పి మందు సీసాలు వీధిలో పంచగా పంచగా అడుగున నా గౌను మిగిలింది. ఎర్రది, మూడు అంచెల కుచ్చులు, మెడకి తెల్ల లేసు. అంత అందమైన గుడ్డ నేను అప్పటికి చూడలేదు. వేసుకుంటే నాలాంటివాళ్ళు ఇంకొకరు అందులో పడతారు.

అమ్మకి ఇంట్లో ఉండడం రాలేదు. తెల్లారకముందే లేచి తోమిన గిన్నెలు మళ్ళీ తోమేది. అన్నం వంటింట్లో నిలబడే తినేది. అమ్మమ్మ వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడి లేచి "హాదర్" అనేది. అంటే అక్కడి మాటలో చిత్తం అని. మొదట్లో నాకు భలే నవ్వొచ్చేది. అమ్మమ్మకి నవ్వు రాలేదు. "కూకుని తినవే. ఇది నీ కొంపే," అనేది.

అమ్మ నోట్లో ఎప్పుడూ ఆ పాపే. ఆ పాపకి గుడ్డులో టమాటా వేస్తేనే ఇష్టం. ఆ పాప జుట్టు ఉంగరాలు, దువ్వెన దిగదు. ఆ పాప చెవి పట్టుకుంటే గాని నిద్రపోదు, మా అమ్మ చెవే కావాలి. నాకు జడ వేస్తూ ఇవన్నీ చెప్పేది. నా సన్నటి జుట్టులో ఆవిడ వేళ్ళు లేని చిక్కుల్ని వెతుక్కునేవి. నేను కోపం తెచ్చుకోలేదు, ఒక్కటొక్కటే నేర్చుకున్నాను. గుడ్డులో టమాటా వేయమన్నాను. మధ్యాహ్నం అమ్మ పక్కన పడుకుని ఆవిడ చెవి పట్టుకున్నాను.

అలా చెవి పట్టుకున్న మధ్యాహ్నమే అది జరిగింది. అమ్మ నిద్రమత్తులో నా వైపు తిరిగి, నా తల మీద చెయ్యి వేసి, ఆ పాప పేరు పెట్టి పిలిచింది. వెంటనే "హబీబ్తీ" అంది. బంగారుతల్లీ అని దానర్థం. నన్ను నా పేరుతో పిలిచేటప్పుడు అమ్మ గొంతులో కాస్త మొహమాటం ఉండేది, పొరుగింటి పిల్లని పిలిచినట్టు. ఈ గొంతు వేరు. మాగిన పనసతొనంత తియ్యగా ఉంది. నేను "ఊఁ" అన్నాను. ఆ తర్వాత కూడా పొరపాటున ఆ పేరు ఎన్నిసార్లు వచ్చినా పలికాను. అమ్మమ్మ విన్న రోజున మాత్రం చెంగుతో ముఖం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయింది.

సెలవు సగమైందనగా ఒక సాయంత్రం అమ్మమ్మ అరుగు మీద ముంజలు ఒలుస్తూ అసలు మాట ఎత్తింది.

"ఇంక ఎల్లకపోతే ఏం? మిషను పెట్టుకో. జాకెట్లు కుట్టుకుంటే మనకి గడవదా?"

నేను ఆ ఎర్రగౌను వేసుకుని, కుచ్చులు చేత్తో ఎత్తిపట్టుకుని మెట్ల మీద ఎగురుతున్నాను. అమ్మ నా వైపు చూసి నవ్వింది. "అది ఆ గౌను నిండనీ అమ్మా. అప్పుడు మానేత్తాను," అంది.

పెద్దవాళ్ళు మాట దాటేయడానికి అన్న మాట అది. పిల్ల పెద్దదయ్యేదాకా ఆగమని దానర్థం. నాకు మాత్రం ప్రమాణం చేసినట్టు వినిపించింది. గౌను నిండితే అమ్మ ఉండిపోతుంది. సెలవు అయ్యేలోగా నిండాలి, అంతే.

మర్నాటి నుంచి తిండి మీద పడ్డాను. పొద్దున్నే చద్దన్నంలో మీగడ, పదింటికి చక్రకేళీలు, మధ్యాహ్నం మామిడిపండు పిసుక్కుని రెండోసారి పెరుగన్నం. సున్నుండల డబ్బా మూత చప్పుడు కాకుండా తీయడం నేర్చుకున్నాను. గేదె పాలు తాగితే ఒళ్ళొస్తుందని ఎవరో అంటే, పాలు పితికే వేళకి ఎదురింటి మామ్మగారి పాక దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. "తిండికి తిమ్మరాజువయ్యావేంటే," అని అమ్మమ్మ మురిసిపోయింది. తల్లి వచ్చిన వేళ పిల్ల అరాయించుకుంటోందనుకుంది. రోజూ స్నానం కాగానే గౌను వేసుకుని నడుం దగ్గర పిడికిట్లో పట్టి చూసుకునేదాన్ని. పిడికిట్లోకి అంతే గుడ్డ వచ్చేది.

ఒకరోజు ఓపిక పట్టలేక లోపల తువ్వాలు చుట్టుకుని అమ్మ ముందుకి వెళ్ళి నిలబడ్డాను. అమ్మ చూసి, పొట్ట మీద వేలితో పొడిచి, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. వచ్చాక ఆవిడ అంతలా నవ్వడం అదే మొదలు. నవ్వాక సూదీ దారం తెమ్మంది. "ఇటు రా, రెండు పక్కలా పట్టి కుట్టేత్తాను. నీకు సరిపోద్ది."

గౌను సన్నం చేస్తానంటే నా ప్రాణం పోయినట్టయింది. గౌను విప్పకుండానే పెరట్లోకి పారిపోయి, పొయ్యి కట్టెల వెనక దాక్కుని ఏడ్చాను. నిండకపోతే వెళ్ళిపోతావు కదా అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. మామ్మగారి పాఠం నాకు వంటబట్టలేదు. అడగడం చేతకాక ఇంకాస్త తిన్నాను.

కడుపు ఊరుకోదు కదా. వారం తిరక్కుండా మెలిపెట్టి పడేసింది. చాప మీద ముడుచుకుని పడుకున్నాను. అప్పుడు అమ్మ తన సంచిలోంచి నల్లగా, గట్టిగా ఉన్న చిన్న కాయ ఒకటి తీసి చితక్కొట్టి మరిగించింది. ఎండబెట్టిన నిమ్మకాయ అట. పెట్టెలో వచ్చిన పుల్లటి పొగ వాసన అదేనని అప్పుడు తెలిసింది. పంచదార వేసి చెంచాతో తాగించింది. రెండు రోజులు గిన్నెల జోలికి పోకుండా నా పక్కనే కూర్చుంది. పొట్ట మీద ఆవిడ అరచెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉండేది. నొప్పి తగ్గాక కూడా తగ్గలేదనే చెప్పాను. రెండోరోజు సాయంత్రం అమ్మ తనంతట తానే అమ్మమ్మని అడిగింది, "మిషను పాతది ఎక్కడన్నా దొరుకుద్దా అమ్మా?" అని. కళ్ళు మూసుకుని ఆ మాట విన్నాను. జీవితంలో అంత సుఖంగా ఎప్పుడు నిద్రపోయానో నాకు గుర్తు లేదు.

ఆ మర్నాడే కిరాణా కొట్టాయన సైకిలేసుకుని వచ్చాడు. ఊళ్ళో ఫోను వాళ్ళ కొట్లోనే ఉండేది.

"కువైటు నుంచండి. మళ్ళీ చేత్తారంట, వచ్చి కూకోమన్నారు," అన్నాడు అమ్మతో.

ముగ్గురం వెళ్ళాం. కొట్లో బెల్లం వాసన, కిరసనాయిలు వాసన. ఫోన్ మోగగానే అమ్మ లేచి నిలబడింది. మొదట ఆ ఇంటావిడతో మాట్లాడింది, తల వంచుకుని. తర్వాత అవతల ఎవరో మారారు. అమ్మ ముఖమంతా మారిపోయింది. పాప పేరు పెట్టి పిలిచింది, హబీబ్తీ అంది, ఏదో బతిమాలింది, ఏడ్చింది. నేను ఆవిడ కొంగు పట్టుకునే ఉన్నాను. ఆ గొంతు ఎవరిదో, ఎవరికోసమో నాకప్పుడు బాగా తెలిసింది. ఇన్నాళ్ళూ దాన్ని దారి కాచి దొంగిలించాను, అంతే.

"ఏమంటారు?" అంది అమ్మమ్మ.

"పాప అన్నం ముట్టడం లేదంట. నేను వచ్చినకాణ్ణించీ అంతేనంట. ఆస్పత్రిలో చేర్చారంట, అక్కణ్ణించే మాటాడించారు. టిక్కెట్టు పంపేత్తారంట, వచ్చే వారమే."

"నీకు సెలవుంది కదా ఇంకా."

"ఉంది."

"మరి?"

"పిల్ల తినడం లేదమ్మా."

అమ్మమ్మ నా వైపు చూసింది. "నీ పిల్ల తింటంది కదా, దానికేం," అంది.

కొట్టాయన తక్కెడ తుడుస్తున్నట్టు తల తిప్పుకున్నాడు. అమ్మ చెడ్డది కాదు. ఆకలితో ఉన్న పిల్ల పిలిస్తే ఆగలేని మనిషి, అంతే. కానీ ఎనిమిదేళ్ళ నాకు తెలిసింది ఒక్కటే. ఆవిడని ఉంచుకోవడానికి నేను తిన్నాను, రప్పించుకోవడానికి ఆ పాప మానేసింది. నేను తప్పు దారి పట్టాను.

వెళ్ళేరోజు అమ్మ వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. వెళ్ళేవాళ్ళని వెనక నుంచి పిలవకూడదని అమ్మమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. పిలుద్దామని నేననుకోనే లేదు. ఆ పూట నుంచే అన్నం మానేశాను. మర్నాడు కూడా ముట్టలేదు. మూడోరోజు అమ్మమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చి, తనే ఏడ్చి, ముద్ద కలిపి నోట్లో కుక్కింది.

"నువ్వు మానేత్తే ఇనేదెవరే? ఎవరు ఫోన్ చేత్తారే దానికి?" అంది.

తిన్నాను. తర్వాత ఒక ఏడాది ఎప్పుడో ఆ గౌను నాకు సరిపోయింది. ఎప్పుడు సరిపోయిందో కూడా చూసుకోలేదు. లేసు పచ్చబడిపోతే అమ్మమ్మ ఎవరికో ఇచ్చేసింది.

అమ్మ ఆ తర్వాత రెండు మూడుసార్లు సెలవుల మీద వచ్చి వెళ్ళింది. ఆ పాప పెళ్ళయ్యాకే పూర్తిగా వచ్చేసింది. నేను చదువుకని మెల్‌బోర్న్ వచ్చింది ఆ ఏడాదే. ఆవిడ వచ్చిన నెలకి నేను బయల్దేరాను. అమ్మమ్మ అప్పటికే లేదు. మా ఇద్దరినీ ఒక ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి ఆవిడొక్కతే.

అప్పటి నుంచి సెలవుల మీద వెళ్ళేది నేను. పెట్టెలు మోసుకుని వెళ్ళి, వీధిలో పంచి, చుట్టాల ఇళ్ళల్లో కాఫీలు తాగి వస్తాను. ఇంట్లో అమ్మా నేనూ మర్యాదగా ఉంటాం. ఆవిడ నాకు ఏ కూర ఇష్టమో అడుగుతుంది, నేను ఏదైనా పర్వాలేదంటాను. నా కంచంలో ఎంత పెట్టాలో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఆవిడ మోకాళ్ళు ఎప్పటి నుంచి నొప్పో నాకు తెలియదు. తిరుగు ప్రయాణం నాడు ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది.

ఈసారి అలా కాకూడదనే మూడు వారాలు సెలవు పెట్టాను. పిల్లకి అప్పటికి మళ్ళీ స్కూలుంటుంది, వాళ్ళ నాన్న చూసుకుంటానన్నాడు. అమ్మతో ఒక్కదాన్నే ఉంటాను, చుట్టాలిళ్ళకి వెళ్ళను, ఆవిడ వండింది ఆవిడ ఎదురుగా కూర్చుని తింటాను అనుకున్నాను. ఈ వయసులో కూడా మనిషికి ఎంత ఆశ ఉంటుందో చూడండి. బట్టల షాపు నుంచి వచ్చిన ఆ శనివారమే, పిల్ల స్విమ్మింగ్‌కి వెళ్ళాక, వీడియో కాల్ చేశాను.

"ఎన్నాళ్ళుంటావు?" అంది అమ్మ.

"మూడు వారాలమ్మా."

"అన్నాళ్ళా? మరి పిల్ల?"

"వాళ్ళ నాన్న ఉంటాడుగా. పాస్తా అవీ చేసి పెడతాడు."

"తినదు," అంది అమ్మ. "నువ్వు లేకపోతే ఆ పిల్ల తినదు. నాకు తెలుసు. పది రోజులు సాల్లే, వచ్చి మొకం సూపించి ఎల్లిపో."

మా అమ్మాయిని ఆవిడ చూసింది రెండేసార్లు. నేను లేకపోయినా సుబ్బరంగా తింటుంది మా అమ్మాయి, నేను లేకపోతే ఇంకాస్త ఎక్కువే తింటుంది. ఆ మాట చెప్పబోయాను. తినే పిల్లకి ఏమవుతుందో కూడా చెప్పబోయాను. ఫోన్‌లో ఆవిడ ముఖం ఆత్రంగా, ముసలిగా, దగ్గరగా ఉంది. ఉండవే అని ఆవిడ అంటుందేమోనని కాసేపు ఆగాను. ఉండనా అని నేనూ అడగలేదు.

ఆ రాత్రి కూర్చుని టికెట్ మార్చాను. ఆదివారం మళ్ళీ ఫోన్ చేశాను.

"పది రోజులేనమ్మా ఇక. టికెట్ మార్చేశాను."

అమ్మ ముఖం విప్పారింది. "మంచి పని చేశావు, బంగారుతల్లీ," అంది.

ఆ గొంతే. ఒక వేసవంతా మీగడలు తిని, పరాయి పేరుకి పలికి, నేను కాచుకుని కూర్చున్న గొంతే. నన్ను నన్నుగా ఆ గొంతుతో పిలవడం అదే మొదటిసారి. వెళ్ళి ఎక్కువ రోజులు ఉండనని చెప్పినందుకు పిలిచింది.

నేను "ఊఁ" అన్నాను.